బలి ఇచ్చిన గుర్రానికి యంత్రం కట్టిన వెల

చదరంగంలో పావును పోగొట్టుకోవడం వేరు, బలి ఇవ్వడం వేరు. మొదటిది పరాకువల్ల జరుగుతుంది. రెండవది తెలిసి చేసేది. తెలిసి ఇచ్చినదానికి తగిన ప్రతిఫలం దక్కినదా లేదా అని విచారించడం చిరకాలంగా చదరంగ విమర్శలో ముఖ్యమైన పని. ఈనాడు ఆ పనిని కంప్యూటరుకు అప్పగించినాము. తెరమీద బల్లప్రక్కన ఒక సంఖ్య కనిపిస్తుంది. అది ధనసంఖ్య అయితే తెల్లపక్షానికి మేలు, ఋణసంఖ్య అయితే నల్లపక్షానికి మేలు. పూర్వపు ఆటగాళ్ళ గొప్ప ఆటలను ఈ సంఖ్యతో సరిచూచి, "ఇక్కడ ఇచ్చిన బలి తప్పు" అని రెండు మాటలలో కొట్టివేయడం హైస్కూలు విద్యార్థులకు కూడా సులభమైపోయినది. యంత్రం చెప్పినది అబద్ధమని నేననడం లేదు. అయితే ఆ సంఖ్య ఏ ప్రశ్నకు జవాబో తెలిసికోకుండా దానిని తీర్పుగా తలదాల్చడం మాత్రం శాస్త్రదృష్టి అనిపించుకోదు.

పావుల పేర్లు ఊరికొక విధంగా ఉన్నవి కాబట్టి ముందుగా ఒక్క మాట. ఈ వ్యాసంలో నిలువుగాను అడ్డంగాను నడిచేది ఏనుగు, మూలగా నడిచేది శకటం. తక్కినవాటి విషయంలో పేచీ లేదు.

ఆస్ట్రియా దేశపు ఆటగాడు రుడాల్ఫ్ స్పీల్మన్ 1935లో బలులను గురించి ఒక పుస్తకం వ్రాసి, వాటిని రెండు తరగతులుగా విభజించినాడు. కొన్ని బలులు పేరుకే బలులు. మంత్రిని ఇచ్చినట్లు కనిపించినా మూడు ఎత్తులలో ఆటకట్టు అవుతుంది, లేదా ఇచ్చినదానికంటె ఎక్కువ తిరిగి వస్తుంది. ఇది బలి కాదు, బేరం. తక్కినవి నిజమైన బలులు. వీటిలో ఇచ్చినదేమిటో లెక్క తెలుస్తుంది, వచ్చేదేమిటో లెక్కకు అందదు. ఎదుటి రాజు చుట్టూ గోడ బీటవారినది, మన పావులకు దారులు తెరుచుకొన్నవి, ఎదుటివాడికి ఊపిరి సలపడం లేదు అన్నంతవరకే చెప్పగలము. ఫలితం పది ఎత్తుల తరువాత తేలవచ్చును, ఇరవై తరువాత తేలవచ్చును, తేలకపోనూవచ్చును. కంప్యూటరు బలికి వెల కట్టిన చరిత్ర అంతా ఈ రెండు తరగతుల మధ్య గీత ఎక్కడ పడుతుందన్నదాని మీదనే నడిచినది.

ఉదాహరణకు ఒక ఆటను తీసుకొందాము. 1960లో మాస్కోలో ప్రపంచ ఛాంపియన్ మిహయిల్ బోట్విన్నిక్‌కు, లాట్వియా యువకుడు మిహయిల్ టాల్‌కు పోటీ జరిగినది. టాల్‌కు అప్పుడు 23 ఏండ్లు. ఆరవ ఆటలో తెల్లపావులు బోట్విన్నిక్‌వి. 21వ ఎత్తులో టాల్ తన గుర్రాన్ని ఎఫ్4 గడిలో, తెల్లబంటు కాలిక్రింద పెట్టినాడు. ప్రేక్షకులలో ఎంత కలకలం చెలరేగినదంటే, ఆ సందడి భరించలేక చివరికి ఆటగాళ్ళిద్దరినీ రంగస్థలం వెనుక గదిలోకి మార్చవలసి వచ్చినది.

ఈ ఎత్తుకు మనమే వెల కట్టి చూద్దాము. అందుకు కావలసిన తూకపురాళ్ళను 1950లోనే క్లాడ్ షానన్ ఇచ్చినాడు. అమెరికాలో బెల్ ప్రయోగశాలలో పనిచేసిన ఈ గణితజ్ఞుడు చదరంగమాడే యంత్రాన్ని ఎట్లు నిర్మించవచ్చునో ఒక వ్యాసంలో వివరించినాడు. మంత్రికి 9, ఏనుగుకు 5, శకటానికి 3, గుర్రానికి 3, బంటుకు 1. వెనుకబడిన బంటు, ఒంటరి బంటు, ఒకే వరుసలో ఒకదాని వెనుక ఒకటి నిలిచిన బంట్లు ఉంటే ఒక్కొక్కదానికి అర పాయింటు తగ్గింపు. పావులకు గల స్వేచ్ఛకు, అనగా వేయదగిన ఒక్కొక్క ఎత్తుకు, 0.1 కలపాలి. ఇవి కేవలం నమూనా విలువలని ఆయనకూ తెలుసు. అయినా తరువాతి నాలుగైదు దశాబ్దాల యంత్రాలన్నీ ఈ బాటనే నడిచినవి.

బోట్విన్నిక్ బంటుతో గుర్రాన్ని చంపినాడు. టాల్ ఇ5 గడిలోని తన బంటుతో ఆ బంటును చంపినాడు. టాల్ ఇచ్చినది 3, తీసికొన్నది 1, నష్టం 2. ఇక లాభం చూడండి. ఇంతవరకు జి7 గడిలోని నల్లశకటానికి తన ఇ5 బంటే అడ్డు. ఆ శకటం ఎఫ్6, ఎఫ్8, హెచ్6, హెచ్8 అనే నాలుగు గడులకు మాత్రమే పోగలదు. బంటు తొలగగానే ఇ5, డి4 గడులు తెరుచుకొని, సి3లోని తెల్లగుర్రం కూడా దాని దెబ్బకు అందినది. నాలుగు ఏడైనవి. షానన్ లెక్కన ఈ లాభం 0.3. అంటే రెండు రూపాయలిచ్చి ముప్పయి పైసలు తెచ్చుకొన్న వ్యాపారి టాల్! తక్కిన పావుల సంగతి కూడా కూర్చినా ఈ లెక్క సరితూగేటట్లు కనబడదు.

ఐతే యంత్రం ఉన్నచోట నిలబడి వెల కట్టదు. ముందు కొన్ని ఎత్తులు నడిపి, అక్కడికి చేరిన స్థితులకు వెలకట్టి, ఆ వెలలను వెనుకకు తెచ్చుకొంటుంది. తన వంతు వచ్చినచోట అన్నిటిలోను పెద్ద సంఖ్యను, ఎదుటివాని వంతు వచ్చినచోట అన్నిటిలోను చిన్న సంఖ్యను ఎన్నుకొంటుంది. ఎదుటివాడు తనకు అన్నిటికంటె నష్టం చేసే ఎత్తునే తప్పక వేస్తాడని దాని నమ్మకం. ఈ నమ్మకాన్ని పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవలెను. ఇంక ఆటను చివరిదాకా నడిపి చూడడం అసాధ్యం. సాధ్యమయ్యే ఆటల సంఖ్యను షానన్ 1 తరువాత 120 సున్నాలని అంచనా వేసినాడు. కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. ఆ ఆగినచోటుకు అవతల ఏమున్నదో యంత్రానికి తెలియదు. రాబోయే నష్టాన్ని తప్పించలేకపోయినా, అనవసరమైన ఎత్తులు మధ్యలో దూర్చి దానిని తన చూపుకు ఆవలకు నెట్టి, తప్పించుకొన్నానని మురిసిపోయే గుణం పూర్వపు యంత్రాలలో ఉండేది. కనబడని అప్పు తీరిపోయిన అప్పే అనుకొనేవారు మనుషులలోనూ ఉన్నారు గదా! హాన్స్ బెర్లినర్ 1970 దశకంలో దీనికి దిఙ్మండల దోషమనే అర్థం వచ్చే పేరు పెట్టినాడు.

దీనివలన ఒక సంగతి తేలుతున్నది. స్పీల్మన్ చెప్పిన మొదటి తరగతి బలులలో యంత్రాన్ని మించినవారు లేరు. బేరం ఎనిమిది ఎత్తులలో తీరేదైతే, పది ఎత్తులు చూడగల యంత్రానికి అది కూడికలు తీసివేతల పని. అసలు దాని దృష్టిలో అక్కడ బలి అన్నదే లేదు. రెండవ తరగతి వచ్చేసరికి మాత్రం చేతిలో ఉన్నవి షానన్ తూకపురాళ్ళు మాత్రమే. వాటికి తోడుగా రాజు రక్షణకు, తెరిచిన వరుసలకు, ఇటువంటి వందలాది లక్షణాలకు విలువలు చేర్చుతూ పోయినారు ప్రోగ్రాములు వ్రాసినవారు. రాజుమీద దాడికి విలువ తక్కువ కడితే యంత్రం పిరికిది అవుతుంది, ఎక్కువ కడితే తలతిక్కది అవుతుంది. 1990 దశకంలో ఇంగ్లండులో తయారైన ఒక ప్రోగ్రాముకు టాల్ పేరే పెట్టి, సాహసంగా ఆడేటట్లు విలువలను పెంచి చూచినారు. సాహసం విషయంలో దానికి వంక పెట్టలేము.

ఇక్కడ 1997 నాటి ఒక అపోహను సరిదిద్దాలి. ఆ సంవత్సరం మే 11వ తేదీన న్యూయార్కులో ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ యంత్రం గారీ కాస్పరోవ్‌ను ఆరవ ఆటలో 19 ఎత్తులలో ఓడించి, పోటీని మూడున్నర, రెండున్నర పాయింట్ల తేడాతో గెలిచినది. ఎనిమిదవ ఎత్తులో యంత్రం తన గుర్రాన్ని ఇ6 గడిలోని బంటుకోసం ఇచ్చివేసినది. వెంటనే తిరిగివచ్చేదేమీ లేదు. నల్లరాజు కోట కట్టుకోలేక నడిమధ్యలో చిక్కుబడడమే ప్రతిఫలం. నిజమైన బలి! యంత్రానికి ప్రతిభ పుట్టినదని ఆ రోజులలో చాలామంది ఆశ్చర్యపడినారు. నిజానికి ఆ ఎత్తును డీప్ బ్లూ ఆలోచించి వేయలేదు. గ్రాండ్ మాస్టర్లు ముందుగా తయారుచేసి యంత్రంలో ఉంచిన ఆరంభపు ఎత్తుల పట్టికలో అది ఉన్నది. సెకనుకు 20 కోట్ల స్థితులు చూడగలిగి, సుమారు 8,000 లక్షణాలను తూచగలిగిన ఆ మహాయంత్రం కూడా ఈ బలి విషయంలో ఒప్పజెప్పిన పాఠాన్ని అప్పజెప్పిన విద్యార్థి మాత్రమే. ఆ తరువాతి ఎత్తులను అది స్వయంగానే, చాలా చక్కగా ఆడినదన్న మాట నిజం. మెచ్చుకోవలసినది వాటిని.

2017 డిసెంబరులో పరిస్థితి మారినది. లండనులోని డీప్‌మైండ్ సంస్థవారు ఆల్ఫాజీరో అనే ప్రోగ్రామును ప్రకటించినారు. దీనికి గుర్రం విలువ 3 అని గాని, బంటు విలువ 1 అని గాని ఎవరూ చెప్పలేదు. ఆట నియమాలు మాత్రం చెప్పి, తనతో తానే ఆడుకోమన్నారు. తొమ్మిది గంటలలో అది 4 కోట్ల 40 లక్షల ఆటలు ఆడుకొన్నది. ప్రతి ఆట ఫలితాన్నిబట్టి తనలోని కోట్లాది సంధానాల బలాన్ని సవరించుకొంటూ, ఏ స్థితిని చూపినా 'ఈ ఆట ఎట్లు ముగియవచ్చును' అన్నదానికి ఋణ 1 నుండి ధన 1 వరకు ఒక సంఖ్య చెప్పడం నేర్చుకొన్నది. అంటే, అది పావులను తూచడం మాని ఫలితాన్ని అంచనా కట్టడం మొదలుపెట్టినది. ఇట్లు చూచే యంత్రానికి బంటునో గుర్రాన్నో ఇచ్చివేయడం ప్రత్యేకమైన సాహసమేమీ కాదు. ఇటువంటి స్థితులనుంచి ఎన్ని ఆటలు గెలిచినామన్న అనుభవమే అక్కడ తూకపురాయి. ఆనాటి మేటి ప్రోగ్రామైన స్టాక్‌ఫిష్‌తో 100 ఆటలాడి, 28 గెలిచి, 72 డ్రా చేసికొన్నది. ఒక్కటీ ఓడలేదు. వాటిలో కొన్ని ఆటలలో పావుల లెక్కలో వెనుకబడి కూడా, ఎదుటిపక్షాన్ని కదలనీయకుండా బిగించి గెలిచిన తీరు చూచి ఆటగాళ్ళు టాల్‌ను తలచుకొన్నారు.

ఆ పోటీని విమర్శించినవారూ లేకపోలేదు. ఎత్తుకు ఒక నిమిషమని కట్టడి చేయడం, స్టాక్‌ఫిష్‌కు తక్కువ జ్ఞాపకశక్తిని కేటాయించడం న్యాయం కాదన్నారు. ఆ విమర్శ సబబైనదే. 2018 డిసెంబరులో సైన్స్ పత్రికలో వెలువడిన పూర్తి వ్యాసంలో మరింత సమంజసమైన షరతులతో 1,000 ఆటలు ఆడించి చూపినారు. 155 గెలుపులు, 6 ఓటములు, తక్కినవి డ్రా. అయితే ఆల్ఫాజీరో లెక్కపెట్టదు, మనిషివలె సహజజ్ఞానంతో ఆడుతుంది అని పత్రికలు వ్రాసినది మాత్రం అతిశయోక్తి. సెకనుకు 6 కోట్ల స్థితులు చూచే స్టాక్‌ఫిష్ ప్రక్కన అది 60 వేలు మాత్రమే చూచిన మాట నిజం. కాని సెకనుకు 60 వేల స్థితులు చూచే మనిషిని ఎవరు ఎరుగుదురు?

2020లో స్టాక్‌ఫిష్ కూడా ఈ పద్ధతిని కొంత స్వీకరించినది. జపాను చదరంగమైన షోగీ కోసం 2018లో యూ నాసు అనే ఆయన రూపొందించిన చిన్న, వేగవంతమైన నేర్చుకొనే జాలాన్ని తెచ్చి తనలో అమర్చుకొన్నది. 2024 నాటికి చేతితో వ్రాసిన పాత తూకపురాళ్ళను పూర్తిగా తొలగించివేసినారు. ఉపాధ్యాయులు గమనించవలసిన మరొక మార్పు 2022 డిసెంబరులో జరిగినది. అంతవరకు తెరమీద +1 అని కనిపిస్తే ఒక బంటు విలువైన మేలు అని అర్థం చెప్పుకొనేవాళ్ళము. ఆ సంచికనుంచి స్టాక్‌ఫిష్‌లో +1 అంటే, సమానబలం గల యంత్రంతో ఆడితే గెలిచే అవకాశం నూటికి యాభై అని అర్థం. బంటుతో దానికి సంబంధం తెగిపోయినది. పాత అర్థాన్నే తరగతిలో చెబుతూ ఉంటే ఉష్ణమాపకాన్ని ఫారన్‌హీట్‌లో చదివి సెంటీగ్రేడ్ అని చెప్పినట్లు ఉంటుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. యంత్రం ఇంత నేర్చినది గదా, ఇక దాని సంఖ్యను తీర్పుగా ఎందుకు స్వీకరించరాదు? "సమానబలం గల యంత్రంతో ఆడితే" అన్న మాటలోనే సమాధానమున్నది. షానన్ నాటి నమ్మకం ఇంకా మారలేదు. ఎదురుగా కూర్చున్నవాడు తనంత బలవంతుడు, అలసట ఎరుగనివాడు, దేనికీ ఉలికిపడనివాడు అని యంత్రం భావిస్తుంది. అనుమానాస్పదమైన బలిని ఇచ్చే ఆటగాడు సరిగ్గా దీనికి వ్యతిరేకమైన సంగతిమీద పందెం కాస్తాడు.

లెక్కలో చూపుతాను. మనకు రెండు ఎత్తులున్నవి. మొదటిది బలి. దానికి ఎదుటివాడు వేయదగిన జవాబులు ఇరవై. వాటిలో పందొమ్మిదింటికి మనదే గెలుపు, ఒక్కదానికి మాత్రం మనకు ఓటమి. రెండవ ఎత్తు సురక్షితమైనది, ఏమి చేసినా డ్రా. గెలుపుకు 1, డ్రాకు 0, ఓటమికి ఋణ 1 అనుకొంటే, యంత్రం బలికి ఋణ 1 వెల కట్టి రెండవ ఎత్తునే వేస్తుంది. ఇరవై జవాబులలో పందొమ్మిది తప్పని గాని, సరియైన ఒక్కటి కంటికి ఆనడం ఎంత కష్టమో గాని ఆ సంఖ్యలో ఎక్కడా చేరదు. ఇరవైకి ఇరవై జవాబులూ మనలను ఓడించే మూర్ఖపు ఎత్తుకు కూడా అదే ఋణ 1. ఇప్పుడు ఎదుటివాడు ఆ ఒక్క జవాబును కనుగొనే సంభావ్యతను 'ప' అందాము. బలివల్ల మనకు సగటున వచ్చేది 1 − ప, దానినుంచి ప తీసివేస్తే 1 − 2ప. ప విలువ సగంకంటె తక్కువైతే బలి ఇవ్వడమే లాభం. యంత్రం ప విలువను ఎప్పుడూ 1 అనుకొంటుంది. ప ఎంతో ఊహించడమే టాల్ విద్య.

మాస్కో ఆటలో ఏమి జరిగినదో చూడండి. గుర్రం పోయిన తరువాత టాల్ మంత్రితో బి2 బంటును చంపినాడు, బోట్విన్నిక్ ఏనుగును బి1కి తెచ్చి ఆ మంత్రిని బెదిరించినాడు, టాల్ తన బంటును ఎఫ్3కి నెట్టి తెల్లమంత్రిని, శకటాన్ని ఒకేసారి బెదిరించినాడు. ఇక్కడ బోట్విన్నిక్ ఏనుగుతో మంత్రిని చంపినాడు. ఎవరైనా మొదట చూచే ఎత్తు అదే. దానితో ఆట చేజారినది. ఆ బంటును శకటంతో చంపి ఉంటే, నల్లశకటం బి1లోని ఏనుగును చంపినా, తిరిగి రెండవ ఏనుగుతో దానిని చంపి, రెండు ఎత్తుల తరువాత శకటాన్ని ఇ4 గడిలో పెట్టే ఎత్తుతో తెల్లపక్షానిదే పైచేయి అయ్యేది. ఇది కనిపెట్టడానికి యంత్రమేమీ కావలసి రాలేదు. ఆట ముగిసిన తరువాత మనుషులే తీరికగా విశ్లేషించి చూపినారు. టాల్ సాగించిన వరుసలో లోపమున్నదన్నది కాబట్టి యంత్రయుగపు వార్త కాదు. నలభై ఎత్తులకు రెండున్నర గంటలు మాత్రమే ఉన్న గడియారం ముందు, ప్రపంచ ఛాంపియన్ అంతటివాడు ఆ దారిని పట్టలేకపోయినాడన్నదే ఆ ఆటలోని అసలు సంగతి. యంత్రపు సంఖ్యలో దానికి చోటు లేదు.

ఇట్లని టాల్ భక్తులతో కూడా నేను ఏకీభవించలేను. ప ఒకసారి కట్టిన విలువ కాదు. టాల్ ఆ పోటీని పన్నెండున్నర, ఎనిమిదిన్నర పాయింట్లతో గెలిచినాడు. మరుసటి సంవత్సరం, 1961లో, బోట్విన్నిక్ 13–8తో కిరీటాన్ని తిరిగి తీసికొన్నాడు. టాల్ ఆరోగ్యం బాగుండలేదన్నది నిజమే. కాని బోట్విన్నిక్ ప్రత్యర్థి ఆటలను శ్రద్ధగా పరిశీలించి, అతడు కోరే చిక్కుముడులు పడని స్థితులలోకి ఆటను నడిపించినాడన్నదీ అంతే నిజం. బలి ఇవ్వడమే గొప్ప అని, లెక్క అల్పుల పని అని చెప్పే కవిత్వానికి ఆ పోటీలో ఆధారం దొరకదు.

ఆ బోట్విన్నిక్ వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీరు. పెద్ద పోటీలనుంచి విరమించిన తరువాత ఆయన చాలా ఏండ్లు చదరంగమాడే ప్రోగ్రాము రచనకే వెచ్చించినాడు. దాని పేరు పయొనీర్. కోట్ల స్థితులను గ్రుడ్డిగా చూడకుండా, మేటి ఆటగానివలె పనికివచ్చే కొద్ది దారులనే ఎన్నుకొని చూడవలెనని ఆయన పట్టుదల. ఆ ప్రోగ్రాము పూర్తి ఆట ఆడే దశకు చేరనేలేదు. అంతలో కోట్లు చూచే యంత్రాలే గెలిచినవి. 1995లో బోట్విన్నిక్ మరణించిన రెండేండ్లకు డీప్ బ్లూ గెలిచినది.

మనిషి ఏ ఎత్తు వేయవచ్చునో ఊహించే ప్రోగ్రాములు కూడా ఇప్పుడున్నవి. 2020లో వెలువడిన మైయా అటువంటిది. టొరంటో, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు, మైక్రోసాఫ్ట్ వారు కలిసి చేసిన పని ఇది. లక్షలాది సామాన్యుల ఆటలు చూపి, గెలిచే ఎత్తును కాక, ఆ స్థాయి మనిషి వేసే ఎత్తును చెప్పడం దానికి నేర్పినారు. సుమారు సగం సార్లు సరిగా చెబుతుంది. స్టాక్‌ఫిష్ సంఖ్య ప్రక్కన ఇటువంటి ప్రోగ్రాము చెప్పే సంభావ్యతలను కూడా ఉంచి చూస్తేనే అనుమానాస్పదమైన బలికి తగిన వెల కట్టడం మొదలవుతుంది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షించవచ్చును. పైన చెప్పిన స్థితిని బల్లమీద అమర్చండి. తెల్లపావులు: రాజు హెచ్2, మంత్రి ఇ2, ఏనుగులు బి1, సి1, శకటాలు డి2, జి2, గుర్రం సి3, బంట్లు ఎ2, డి5, ఎఫ్2, హెచ్3. నల్లపావులు: రాజు జి8, మంత్రి బి2, ఏనుగులు సి4, సి8, శకటాలు ఎఫ్5, జి7, బంట్లు ఎ7, బి7, డి6, ఎఫ్3, జి6, హెచ్7. ఎత్తు తెల్లవారిది. పది నిమిషాలు గడువిచ్చి, ఒకరితో ఒకరు మాటలాడకుండా తమ ఎత్తును కాగితంమీద వ్రాయమనండి. శకటంతో ఎఫ్3 బంటును చంపినవారెందరో లెక్కించి, మొత్తం విద్యార్థుల సంఖ్యచేత భాగించండి. ఆ తరగతికి ఆ స్థితిలో ప విలువ వస్తుంది. యంత్రాన్ని ఆ తరువాత తెరవండి.